గీత ఎగిరిన చోటే బాంబు ఉంటుందా?

ప్రశ్న: మొన్న ఒక క్రైమ్ సీరియల్లో బాంబు పేలడానికి 40 నిమిషాలే ఉందనగా, నిందితుణ్ణి లై డిటెక్టర్ ముందు కూర్చోబెట్టి ఊళ్ళోని చోట్ల పేర్లు చదివారు. ఒక పేరు దగ్గర ఎర్రలైటు వెలిగింది, బాంబు అక్కడే దొరికింది. నిజంగా ఇలా కుదురుతుందా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: పేర్లు చదివే పద్ధతి ఉన్నదే. ఎర్రలైటూ, 40 నిమిషాలూ మాత్రం సీరియల్ వాళ్ళ సొంత సరుకు.

లై డిటెక్టర్ అసలు పేరు పాలీగ్రాఫ్. దానికి అబద్ధమంటే ఏమిటో తెలియదు. ఛాతీకి, పొట్టకి కట్టిన పట్టీలు ఊపిరిని, జబ్బకు చుట్టిన బీపీ పట్టీ రక్తపోటు మార్పుల్ని, వేళ్ళకు తగిలించిన పలకలు చెమటనీ గీతలుగా చూపిస్తాయి, అంతే.

పేర్లు చదివే పరీక్షకు దగ్గరిది 1959లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ లిక్కెన్ రాసినది: నేరస్తుడికే తెలిసిన సంగతిని వేరే సంగతుల మధ్య కలిపి అడగడం. విజయనగరమే అనుకోండి. పెద్దచెరువు, గంటస్తంభం, రైల్వేస్టేషన్, ఆర్టీసీ కాంప్లెక్స్, కోట, కలెక్టరేట్ అని చదువుతారు. మొదటి పేరు లెక్కలోకి రాదు. ఏది ముందు చదివినా మనిషి ఉలిక్కిపడతాడు. పేరు విన్న ఒకటి నుంచి మూడు సెకన్లకు చెమట గీత లేస్తుంది, దిగడానికి ఇంకా సమయం తీసుకుంటుంది. అందుకే పేరుకీ పేరుకీ మధ్య 20 నుంచి 25 సెకన్లు ఆగాలి. గబగబా చదివితే ఒక గీత మీద ఇంకో గీత ఎక్కి ఏదీ తేలదు. వరస మార్చి మూడుసార్లు చదివినా ఏడెనిమిది నిమిషాలే. అసలు ఆలస్యం దానికి ముందు ఉంటుంది: ఆరోగ్యం కనుక్కోవడం, ప్రశ్నలు ముందే వినిపించడం. అదే గంట దాటుతుంది.

ఇంకో చిక్కుంది. లిక్కెన్ పరీక్షలో సరైన జవాబు పోలీసులకు ముందే తెలిసుండాలి. ఇక్కడ వాళ్ళు వెతుకుతున్నదే అది! కూతురు కోటలోని కాలేజీలో చదువుతుంటే, బాంబు సంగతి ఏమీ తెలియని తండ్రికి కూడా 'కోట' అనగానే చెమట పడుతుంది. లెక్కలోకొచ్చే అయిదు పేర్లలో ఒకటి ఊరికే తగలడానికి అయిదింట ఒక వంతు అవకాశం ఉంది. అలాంటి వేర్వేరు ప్రశ్నలు అయిదు వేసి, అయిదూ తగిలితే ఆ అవకాశం 3125లో ఒకటికి పడిపోతుంది. సీరియల్లో వేసింది ఒకే ప్రశ్న.

పైగా సెల్వి కేసులో సుప్రీంకోర్టు 2010 మే 5న ఇచ్చిన తీర్పు ప్రకారం బలవంతంగా ఈ పరీక్ష చెయ్యకూడదు. సమ్మతిని మేజిస్ట్రేటు ముందు నమోదు చెయ్యాలి, లాయరు అందుబాటులో ఉండాలి. 40 నిమిషాలు అక్కడికే చాలవు.

ప్రశ్న: ఆ క్రైమ్ సీరియల్లో హీరో ముఖం చూసే అబద్ధం పట్టేస్తాడు. నేర్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, టెక్కలి

జవాబు: నమ్మకండి. చాలా ప్రయోగాలను కలిపి చూసిన 2006 నాటి విశ్లేషణలో మామూలు మనుషులు సరిగ్గా పోల్చింది నూటికి 54 సార్లే. బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తుంది. చూపు తిప్పడం, తడబడటం భయానికీ గుర్తులే. అంతకంటే జరిగింది చివరి నుంచి మొదటికి చెప్పించడం మేలు. కల్లబొల్లి కథ అల్లినవాడికి అది కష్టం.

ప్రశ్న: కాలేజీ ఆఫీసులో ఫోన్లు ఎత్తే పని నాది. బాంబు ఉందని ఎవరైనా చేస్తే, నిజమో కాదో కనిపెట్టేదెలా?
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: అది తేల్చే పని మీరు పెట్టుకోవద్దు. ఫోను మీరుగా పెట్టెయ్యకండి. పక్కవాళ్ళకు చీటీ రాసిచ్చి వేరే ఫోన్నుంచి 112కి చేయించండి. ఎక్కడ పెట్టారు, ఎప్పుడు పేలుతుంది, చూడ్డానికి ఎలా ఉంటుంది, ఎందుకు పెట్టారు అని అడుగుతూ మాటల్లో పెట్టండి. అన్న మాట అన్నట్టే రాయండి, 'బెదిరించాడు' అని కుదించొద్దు. యాస, వెనక వినిపించే రైలు కూత, గుడి మైకు కూడా రాయండి.

అనుమానపు సంచి కనిపిస్తే ముట్టుకోవద్దు, నీళ్ళు పొయ్యొద్దు, దాని దగ్గర సెల్‌ఫోను, వాకీటాకీ వాడొద్దు. బయటికి వెళ్ళేవాళ్ళు, చేతికి అందితే, తమ సంచులు తామే తీసుకెళ్ళాలి. లేకపోతే బాంబు స్క్వాడ్ ప్రతి క్యారేజీ సంచినీ అనుమానించాల్సి వస్తుంది. పిల్లల్ని బైకుల స్టాండు దగ్గర పోగు చెయ్యడం చాలాచోట్ల జరిగే పొరపాటు. ఆ బళ్ళలోనూ ఉండొచ్చు కదా.

రాసిన కాగితం పోలీసులకే ఇవ్వండి, వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఫోను చేసినవాడు దొరికాక, వాడికే తెలియాల్సిన మాట ఊరందరికీ తెలిసిపోయి ఉంటే పైన చెప్పిన లిక్కెన్ పరీక్ష కూడా పనికిరాదు.