మొదటి పని బల్ల: మూడు రైలు స్లీపర్లు, తుపానుకి పడిన పనస చెట్టు

"చేతి పనిముట్లతోనే వడ్రంగం నేర్చుకోవాలనుంది. ముందు పని బల్ల సొంతంగా చేసుకుందామనుకుంటున్నాను. ఇంతవరకూ ఉలి పట్టింది లేదు. ఏ చెక్క తీసుకోవాలి, వైస్ ఏది కొనాలి, మొత్తం ఎంతవుతుంది?" అని అడిగారు.

వైస్, అంటే చెక్కని బిగించి పట్టుకునే మరబిగింపు, కొనకండి. మిగతావి నిదానంగా చెప్తాను.

నాది పర్లాకిమిడి. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అది ఆంధ్రా. మందుల షాపు నడుపుతాను, వడ్రంగం మా ఇంటా వంటా లేదు. 2021 చలికాలంలో మొదలుపెట్టి నాలుగు నెలల ఆదివారాలు ఖర్చుపెట్టి బల్ల చేసుకున్నాను. దుంగని కోత మిల్లులో కోయించడం తప్ప మోటారుతో తిరిగేది ఏదీ వాడలేదు. ఆ తర్వాత అమ్మకి పూజ మందిరం, పిల్లలకి చదువుకునే బల్లలు దాని మీదే చేశాను. కాబట్టి మీరూ చేసుకోగలరు, అందులో నాకు అనుమానం లేదు.

చెక్క విషయంలో వీడియోలు చూసి మోసపోకండి. వాళ్ళు చూపించే మేపుల్, బీచ్ మనకి దొరకవు, దొరికినా ఆ డబ్బుతో ఇంట్లో తలుపులన్నీ మార్చుకోవచ్చు. ఫ్రాన్స్‌లో 18వ శతాబ్దంలో రూబో అనే వడ్రంగి బొమ్మ గీసి చూపించిన బల్లనే ఇవాళ్టికీ చాలామంది నమూనాగా పెట్టుకుంటున్నారు. అందులో చెక్క పేరు కాదు చూడాల్సింది. పైపలక బాగా మందంగా ఉంటుంది, కాళ్ళ ముందు ముఖం పలక అంచుతో సమానంగా ఉంటుంది, చిత్రిక (చెక్కని నున్నగా గీకే పనిముట్టు) తోసినప్పుడు బల్ల కదలనంత బరువు ఉంటుంది. మీ ఊళ్ళో చవగ్గా దొరికే పాత బరువైన చెక్క ఏదైనా సరే. పాత ఇంటి దూలాలు, విరిగిన బండి నొగలు, ఏవైనా.

నాకు దొరికినవి రైలు స్లీపర్లు, అంటే పట్టాల కింద అడ్డంగా పరిచే దుంగలు. మా నౌపడా–గుణుపురం లైను పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు. 1900లో మా ఊరిదాకా వచ్చింది, 1931కి గుణుపురం చేరింది. 2004లో బ్రాడ్‌గేజ్ వెయ్యడానికి ఆపేశారు. పట్టాలు పీకినాక పాత స్లీపర్లు చేతులు మారి మారి ఊళ్ళలోకొచ్చాయి. మా చిన్నాన్న కొన్ని కొని ధాన్యం గదిలో బస్తాల అడుగున వేసుకున్నాడు. సాల చెక్క. తెలుగులో గుగ్గిలం చెట్టు అంటారు. ఇక్కడ ఒడియా ఇళ్ళల్లో సాయంత్రం ధూపం వేసే ఝుణా ఆ చెట్టు జిగురే. నారో గేజ్ స్లీపరు ఐదడుగుల పొడవు, ఏడంగుళాల వెడల్పు, నాలుగున్నర అంగుళాల మందం. మూడు పక్కపక్కన పెడితే ఇరవై ఒక్క అంగుళాల వెడల్పున్న బల్ల. ఎవరో ఈ పనికోసమే కోసి పెట్టినట్టుంది. ఒక్కోటి ఎత్తడానికి ఇద్దరం కావాల్సి వచ్చింది. "నీకెందుకురా ఈ మొద్దులు" అంటూనే మూడు ఇచ్చాడు చిన్నాన్న.

ఇక్కడ జరిగింది మీకు తప్పకుండా చెప్పాలి. అప్పుడే పద్నాలుగు అంగుళాల ఇనుప చిత్రిక కొన్నాను, కొత్త పదును. స్లీపరు పైన దుమ్ము దులిపి ఒకటే తోపు తోశాను. రెండడుగులు సాఫీగా వెళ్ళి టింగుమని ఆగిపోయింది. తిరగేసి చూస్తే ఆకు (చిత్రికలో కోసే ఉక్కు పలక) అంచులో గోరంత లొటుకు. చెక్కలో కందిగింజంత కంకర రాయి దిగబడి ఉంది. ఏళ్ళ తరబడి రైళ్ళు నడిచిన బరువుకి పట్టాల కింద కంకర చెక్కలోకి దిగిపోతుందని నాకు తెలీదు. దాన్ని మేకుతో తవ్వి తీసి మళ్ళీ తోశాను. మళ్ళీ టింగు. ఈసారి రాయి కాదు, విరిగి లోపలే ఉండిపోయిన డాగ్ స్పైకు (పట్టాని స్లీపరుకి బిగించే మేకు) ముక్క. నిజంగా ఏడుపొచ్చింది. నెల రోజులు ఎదురుచూసి తెప్పించుకున్న చిత్రిక అది.

మా వీధి చివర ఒక వడ్రంగి తాత ఉంటాడు. ఎనభై దగ్గర పడుతున్నాడు, చూపు తగ్గి పని మానేశాడు. ఆ టింగు శబ్దానికే వచ్చాడో ఏమో, గుమ్మంలో నిలబడి అడిగాడు.

"ఏటి బాబూ అది, రైలు చెక్కా?"

"అవును తాతా."

"దాని మీద చిత్రిక పెట్టీసినావా! ముందర కడగాల కదా."

కడగడం అంటే నీళ్ళతో కాదు. ఇనుప బ్రష్షుతో చెక్క నార వెంట గట్టిగా రుద్దించాడు. షాపులో పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం ఉంటే దాన్ని పొడుగునా నడిపించి, పట్టిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టించాడు. పదునైన మేకుతో పగుళ్ళన్నీ గెలికించాడు. మూడు స్లీపర్ల నుంచి ఒక గ్లాసుడు కంకర వచ్చింది. తర్వాత ఇంటి నుంచి తన బాడిస (ఆకు అడ్డంగా ఉండే చిన్న గొడ్డలి లాంటిది) తెప్పించి పైన అరంగుళం చెక్క లేపేశాడు. ఆ వయసులో, ఆ చూపుతో, రెండు పాదాల మధ్య పడుతోంది దెబ్బ. నల్లటి తోలు ఊడి లోపల ఎర్రమట్టి రంగు చేవ బయటపడింది. వందేళ్ళ వానలకి కూడా లొంగని చేవ అనిపించింది నాకు.

తారు వాసన వచ్చే స్లీపర్లు మాత్రం ముట్టుకోకండి, ఆ చితుకులు పొయ్యిలో పెట్టకండి. మావి నూనె మరకలున్నవే గానీ తారు పట్టించినవి కావు.

చిత్రిక ఆకు బాగుచెయ్యడం కూడా తాతే నేర్పాడు. సానచక్రం మీద కొద్దికొద్దిగా అరగదీస్తూ, ప్రతిసారీ నీళ్ళలో ముంచుతూ. అంచు నీలం రంగుకి తిరిగితే ఆ ఉక్కు చచ్చిపోయినట్టే, పదును నిలవదు. తర్వాత సానరాయి మీద ముప్పై డిగ్రీల వాలుకి, ముంజేతి వెంట్రుకలు గొరిగేదాకా. నన్నడిగితే కొత్తవాళ్ళు వడ్రంగం మానేసేది మొద్దు ఆకుల వల్లే. చెక్క మంచిది కాదని, తమకి చేతకాదని అనుకుంటారు. మొదటి రెండు ఆదివారాలు బల్ల సంగతి మర్చిపోయి పదును పెట్టడమే నేర్చుకోండి.

చదును చెయ్యడం నార వెంట మొదలుపెట్టొద్దు. ముందు నారకి అడ్డంగా తోయండి, తర్వాత ఐమూలగా, చివర్లో పొడుగునా. మెలిక చూడ్డానికి ఒకే వెడల్పున్న రెండు తిన్నటి బద్దలు రెండు చివర్లా పెట్టి ఒక కన్ను మూసి చూడండి. రెండు అంచులూ ఒకే గీతలో కనబడితే చాలు. సాల చెక్క నార ఒక బెత్తెడు ఇటు, ఒక బెత్తెడు అటు తిరుగుతుంది. అద్దంలా రావాలని పట్టుబట్టకండి. పని బల్ల మీద చెక్క జారకూడదు కూడా.

కాళ్ళకి పనస వాడాను. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు మా పెరట్లో పనస చెట్టు వేళ్ళతో సహా పడిపోయింది. మా గజపతి జిల్లాలో ఆ తుపానుకి చెట్టు పోని ఇల్లు తక్కువ. దుంగ కోయించి, అంగుళానికో ఏడాది ఆరాలన్న లెక్కన మూడేళ్ళు నీడలో పేర్చి ఉంచాను. పసుప్పచ్చటి చెక్క, ఉలి పెడితే వెన్నలా తెగుతుంది, చెద త్వరగా పట్టదు. కొత్తవాళ్ళు బెజ్జాలు కొట్టడం నేర్చుకోవడానికి అంతకంటే మంచి చెక్క లేదు.

నేనైతే కాళ్ళ కుసులు నేరుగా స్లీపర్లలోకి దింపుదామనుకున్నాను. కుసి అంటే బెజ్జంలో దూరే నాలుక. సాల చెక్కలో ఒక్క బెజ్జం కొట్టేసరికి రెండు ఆదివారాలు పోయాయి. తాత ఆపేశాడు. "కష్టం పనసలో పెట్టు బాబూ, సాలలో కాదు" అన్నాడు. కాళ్ళ మీద రెండు పనస అడ్డదూలాలు పెట్టి, కుసులూ బెజ్జాలూ అన్నీ పనసలోనే చేసి, స్లీపర్లని దూలాల మీద కూర్చోబెట్టి కింద నుంచి బోల్టులు బిగించాం. కుసిలో వెదురు మేకుకి వేసే బెజ్జం దూలంలోని మేకు బెజ్జానికి సూటిగా ఉండకూడదు, అర నూలు కుసి మొదలు వైపుకి జరగాలి. ఎనిమిది నూళ్ళు ఒక అంగుళం. మేకు దిగేటప్పుడు కుసిని లోపలికి లాగి బిగిస్తుంది, జిగురుతో పనుండదు. ముందు రెండు స్లీపర్లకీ వెనక దానికీ మధ్య ముప్పావు అంగుళం సందు వదిలాం. వానాకాలం చెక్క ఉబ్బితే చోటుంటుంది, మిగతా రోజుల్లో ఉలులు అందులో నిలబడతాయి.

కుసి, నూలు, బాడిస, చిత్రిక అన్న మాటలు ఇవాళ తెలుగు వీడియోల్లో వినబడవు. ప్లేనర్, చిజిల్ అంటారు. మా బజార్లో ఒడియాలో అడిగితే రందా, బటాళి అని ఠక్కున తీసిస్తారు. తాత బాడిస అంటే కొట్టువాడు బారిసి అంటాడు, ఇద్దరికీ అర్థమైపోతుంది. గిడుగు రామమూర్తి గారు బడిలో పాఠాలు చెప్పిన ఊళ్ళో, జనం నోటి మాటే భాష అని ఆయన పోరాడిన ఊళ్ళో, వడ్రంగి నోటి మాటలు ఆ తాతతో పోతాయంటే నాకు బాధగా ఉంటుంది. ఆయన కొడుకులిద్దరూ విశాఖలో ప్లైవుడ్ కోసి లామినేట్ అతికిస్తున్నారు. వాళ్ళని తప్పు పట్టను. రోజుకూలి అందులోనే ఉంది. కానీ ఆయన బాడిస పట్టేవాళ్ళు ఆ ఇంట్లో లేరు.

వైస్ వద్దన్నది కూడా ఆయన్ని చూసే. పని చూపించమంటే బల్ల దగ్గరకి రాలేదు. నేల మీద గొంతుక్కూర్చుని, చెక్కని ఒక మడమకీ ఇంకో పాదం వేళ్ళకీ మధ్య బిగించి ఉలి పట్టాడు. ఎటు కావాలంటే అటు క్షణంలో తిప్పుకుంటున్నాడు. చెక్కని పట్టుకోవడం అంటే నాలుగు వైపులా బిగించడం కాదని, తోపుకి ఎదురుగా ఒక ఆపు ఉంటే చాలని అప్పుడు అర్థమైంది. నా బల్లకి ఎడం చివర రెండంగుళాల చదరం పనస మేకు ఉంది, సుత్తితో కొడితే పైకీ కిందకీ కదులుతుంది. చిత్రిక పనంతా దానికి ఆనించే. గట్టిగా బిగించాల్సినప్పుడు కమ్మరి దగ్గర ఇనుప కడ్డీ వంచి చేయించిన కొక్కెం ఒకటుంది. పలకలో ఆరు నూళ్ళ బెజ్జం, కడ్డీ దానికంటే కాస్త సన్నం. పైన ఒక దెబ్బ వేస్తే కడ్డీ బెజ్జంలో ఏటవాలుగా ఇరుక్కుని చెక్కని తొక్కిపట్టేస్తుంది, వెనక నుంచి తడితే వదిలేస్తుంది. ఏడాది ఇలా చేశాక కూడా వైస్ కావాలనిపిస్తే అప్పుడు కొనుక్కోండి.

ఎత్తు: నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే అరచెయ్యి బల్ల మీద చదునుగా ఆనాలి. ఐదడుగుల ఆరంగుళాల మనిషిని, నాకు ముప్పై ఒకటి అంగుళాలొచ్చింది. వంటగట్టు ఎత్తు పెడితే చిత్రిక మీద ఒంటి బరువు పడదు, భుజాలు పోతాయి.

ఖర్చు అడిగారు. స్లీపర్లకి చిన్నాన్న డబ్బు తీసుకోలేదు, పనస మా పెరట్లోది. కోత కూలి, బోల్టులు, కమ్మరి కూలి కలిపి రెండు వేల లోపే. చిత్రిక, రెండు ఉలులు, రంపం, బర్మా (బెజ్జాలు వేసే చేతి పనిముట్టు), మూలమట్టం, సానరాయి వీటికి ఇంకో ఏడెనిమిది వేలైంది. తాతకి డబ్బివ్వబోతే పుచ్చుకోలేదు, నెలనెలా బీపీ మాత్రలు పంపుతున్నాను. కొత్త సాల దుంగ ఎవరైనా చవగ్గా ఇస్తామంటే అటవీ శాఖ కాగితాలు చూపించమనండి, లేకపోతే వద్దు. పాత చెక్క చూడ్డానికి వెళ్ళేటప్పుడు జేబులో అయస్కాంతం పెట్టుకోండి.