తాళం తిప్పితే ఒకసారి వెలిగి, ఒకసారి వెలగని బండికి వైరింగ్ మొత్తం మార్చాలా?

చంద్రగిరి తమ్ముడు అడిగింది ఇది. వాళ్ల నాయన నడిపిన పదకొండేళ్ల డీజిల్ పికప్. తాళం తిప్పితే ఒకసారి మీటర్ బోర్డు లైట్లన్నీ వెలుగుతాయి, ఒకసారి ఏమీ ఉండదు. తాళంచెవి అటూ ఇటూ ఆడిస్తే మళ్లీ వస్తాయి. పోయిన వారం మదనపల్లె నుంచి టమాటా లోడుతో వస్తుంటే భాకరాపేట ఘాట్‌లో నడుస్తున్న బండి ఉన్నట్టుండి ఆగిపోయింది. ఇప్పటికే బ్యాటరీ మార్చారు, సెల్ఫ్ మోటార్ విప్పి బాగు చేయించారు. ఇప్పుడేమో వైరింగ్ మొత్తం తీసి కొత్తది వేయాలంటున్నారు. "అన్నా, నిజంగా అంత అవసరమా?" అని అడిగాడు.

వద్దు తమ్ముడూ, ఆ పనికి ఇప్పుడే ఒప్పుకోవద్దు. తిరుపతిలో పద్దెనిమిదేళ్లుగా ఆటో ఎలక్ట్రీషియన్ పని చేస్తున్నాను. ఇలాంటి లక్షణాలతో వచ్చిన బండ్లలో వైరింగ్ మొత్తం మార్చాల్సి వచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దోషం ఎక్కువగా జానెడు జాగాలోనే ఉంటుంది. తాళం వెనక ఉండే స్విచ్, దాని కప్లర్ (వైర్లన్నీ వచ్చి తగులుకునే ప్లాస్టిక్ ప్లగ్గు), ఆ కప్లర్‌కి బ్యాటరీ నుంచి వచ్చే లావు వైరు. ముందు ఆ జానెడు చూడాలి.

దానికంటే ముందు ఒక మాట. బాగయ్యే దాకా ఘాట్ ఎక్కకు, దిగకు. తప్పనిసరై వెళ్లినప్పుడు దిగుడులో ఇంజన్ ఆగిపోతే కంగారులో క్లచ్ నొక్కొద్దు, న్యూట్రల్ చేయొద్దు. బండి గేరులో ఉంటే చక్రాలే ఇంజన్‌ని తిప్పుతుంటాయి. అందువల్ల బ్రేకుకి సాయం చేసే వాక్యూమ్ పంపు, పవర్ స్టీరింగ్ పంపు తిరుగుతూనే ఉంటాయి. క్లచ్ నొక్కితే అవి రెండూ ఆగిపోతాయి. ఆ తర్వాత బ్రేకు రెండు మూడుసార్లు మామూలుగా పడి, ఆపైన రాయిలా గట్టిపడుతుంది. అందుకే బ్రేకుని మాటిమాటికీ నొక్కి వదలకుండా, గట్టిగా ఒక్కటే పట్టు పట్టి పక్కకు తీయాలి. బండి పూర్తిగా ఆగేదాకా తాళాన్ని లాక్ దాకా తిప్పకు, స్టీరింగ్ బిగుసుకుంటుంది. ఇది ప్రాణాల విషయం, తేలిగ్గా తీసుకోవద్దు.

ఇక ఇంజన్ ఎందుకు ఆగింది? పాత రకం డీజిల్ పంపుకి చాలా బండ్లలో స్టాప్ సొలినాయిడ్ ఉంటుంది. తాళం ఆన్‌లో ఉన్నంతసేపూ దానికి కరెంటు అందుతుంటేనే డీజిల్ దారి తెరుచుకుని ఉంటుంది. కరెంటు తెగితే లోపలి స్ప్రింగు ఆ దారిని మూసేస్తుంది. తాళం స్విచ్ లోపల కాంటాక్ట్ కాసేపు వదిలితే చాలు, తాళం నువ్వే ఆఫ్ చేసినట్టు అవుతుంది. మీటర్ లైట్లూ, ఇంజనూ ఒకేసారి పోయాయంటే రెండింటికీ కరెంటు వచ్చే చోటే తేడా ఉంది. బ్యాటరీ, సెల్ఫ్ మోటార్ మీద మొదట అనుమానపడటమే ఇక్కడ తప్పు. నడుస్తున్న బండికి సెల్ఫ్‌తో పనే లేదు కదా.

నేను దెబ్బతిన్న సంగతి ఒకటి చెబుతాను. పని మొదలుపెట్టిన మూడో ఏడు, జూన్ నెల. దామలచెరువులో తోతాపురి మామిడి లోడెత్తిన ఒక పికప్ దారిలో ఆగిపోయిందని రాత్రి పది గంటలకు పిలిచారు. నీ బండిలాగే లైట్లూ పోతున్నాయి, ఇంజనూ పోతోంది. వోల్టులు కొలిచే మల్టీమీటర్ తీసి ఇగ్నిషన్ వైరు మీద, అంటే తాళం ఆన్ చేస్తే స్విచ్ నుంచి కరెంటు బయటికి వచ్చే వైరు మీద పెట్టాను. 12.4 వోల్టులు చూపించింది. "స్విచ్ బాగుంది, కరెంటు వస్తోంది" అని తేల్చేసి, సొలినాయిడే పాడైందనుకుని దాన్ని మార్పించాను. బండి కదిలింది. పాకాల దాటకముందే మళ్లీ ఆగింది. పొద్దున ఎండెక్కాకగానీ లోడు మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి చేరలేదు. అప్పటికే అడుగున ఉన్న కాయ మెత్తబడిందని ధర కోసేశారు. ఆ రైతు ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

తెల్లారాక చిత్తూరులో నాకు పని నేర్పిన ఆయన దగ్గరికి బండి తీసుకెళ్లాను. ఆయన మీటర్ ముట్టుకోలేదు. ఒక ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు కట్టి, ఒకటి బాడీకి, ఇంకొకటి అదే ఇగ్నిషన్ వైరుకి ఆనించాడు. బల్బు దీపం బుడ్డిలా ఎర్రగా మినుకుమంది. బ్యాటరీ మీద పెడితే తెల్లగా మండింది. నేను నేర్చుకోవాల్సింది మొత్తం ఆ రెండు వెలుగుల తేడాలోనే ఉంది.

మల్టీమీటర్ తన కోసం తీసుకునే కరెంటు లేనట్టే లెక్క. వైరులో వంద పోగులు తెగి ఒక్క పోగు మిగిలినా, స్విచ్ లోపల కాంటాక్ట్ మాడి మసి పట్టినా, దానికి 12 వోల్టులు కనిపిస్తూనే ఉంటాయి. 21 వాట్ల బల్బు దాదాపు పావుతక్కువ రెండు ఆంపియర్లు లాగుతుంది. దారి ఇరుకైతే అది వెంటనే చెప్పేస్తుంది. లెక్క చూడు: కాంటాక్ట్‌లో పావు ఓమ్ అడ్డు ఉండి, దాని గుండా 10 ఆంపియర్లు వెళ్తే అక్కడే 2.5 వోల్టులు పోతాయి. అవి వేడిగా మారతాయి, ఆ చిన్న పిన్ను దగ్గర 25 వాట్ల వేడి. కప్లర్ ప్లాస్టిక్ కరగడానికి అది చాలు. ఆ మామిడి బండిలో జరిగింది అదే. ఎవరో పెద్ద యాంప్లిఫైయర్, ముందువైపు లైట్ల పట్టీ, రెండింటికీ కరెంటు ఇగ్నిషన్ వైరుకే ముడి వేసి తీసుకున్నారు. పిన్ను నల్లగా మాడిపోయింది.

ఇప్పుడు నీ బండి దగ్గర కూర్చుని చేయాల్సిన పని. తాళం ఆన్ చేసినా లైట్లు రాని సమయం దొరికేదాకా ఓపిక పట్టు. బండి సరిగా ఉన్నప్పుడు వెతికితే ఏమీ దొరకదు. మధ్యాహ్నం ఎండలో గంటసేపు నిలబెట్టి చూడు, వేడెక్కితేనే బయటపడే దోషాలు ఉంటాయి.

లైట్లు పోయినప్పుడు మొదట హారన్ కొట్టి, నాలుగు ఇండికేటర్లు ఒకేసారి వెలిగించే హజార్డ్ నొక్కు. చాలా బండ్లలో ఇవి తాళంతో పని లేకుండా నేరుగా బ్యాటరీ నుంచి నడుస్తాయి. ఇవి బాగుంటే బ్యాటరీనీ, దాని టెర్మినళ్లనూ వదిలెయ్. తర్వాత తాళాన్ని ఒక గుర్తు వెనక్కి తిప్పి, ఏసీసీలో పెట్టి, రేడియో వస్తుందేమో చూడు. రేడియో వచ్చి మీటర్ లైట్లు రాకపోతే స్విచ్‌లోకి కరెంటు చేరుతోంది, ఆన్ కాంటాక్టే సరిగా పట్టడం లేదు. రెండూ రాకపోతే స్విచ్‌కి వచ్చే లావు వైరు, దాని మెయిన్ ఫ్యూజు చూడాలి. ఇంతవరకూ ఒక్క స్క్రూ కూడా విప్పలేదు చూడు, సగం పని అయిపోయింది.

ఆ తర్వాత స్టీరింగ్ కింద కవరు తీయాలి. తాళం ముట్టుకోకుండా కప్లర్‌ని మాత్రం వేళ్లతో మెల్లగా ఒత్తు. లైట్లు మినుకుమంటే దోషం కప్లర్‌లో ఉంది. కప్లర్‌ని వదిలేసి తాళంచెవి మాత్రం ఆడించు. అప్పుడు మినుకుమంటే స్విచ్‌లో గానీ, ఆ స్విచ్‌ని తిప్పే తాళం తోకలో గానీ ఉంది. ఈ రెండూ వేరువేరు వస్తువులు. చాలా బండ్లలో కరెంటు స్విచ్ తాళం వెనక రెండు స్క్రూలతో బిగించి ఉంటుంది. దాన్ని విడిగా తీసి, స్క్రూడ్రైవర్‌తో పదిసార్లు ఆన్‌కి తిప్పు. పదిసార్లూ లైట్లు వస్తే స్విచ్ బాగుంది, తాళం అరిగి దాన్ని పూర్తిగా తిప్పలేకపోతోంది. రాకపోతే స్విచ్ ఒక్కటే మార్చుకో, పాత తాళంచెవే పనిచేస్తుంది. తాళం సెట్ మొత్తం కొనమని ఎవరైనా అంటే ఈ పరీక్ష చేసి చూపించమని అడుగు.

ఏ ముక్కలో కరెంటు పోతోందో ఖచ్చితంగా తెలియాలంటే మీటర్‌ని వేరే రకంగా వాడాలి. ఎర్ర ప్రోబ్ బ్యాటరీ ప్లస్ మీద, నల్ల ప్రోబ్ స్విచ్ నుంచి బయటికి వచ్చే ఇగ్నిషన్ వైరు మీద పెట్టు. బాడీకి పెట్టొద్దు. తాళం ఆన్ చేసి, బ్లోవర్, వైపర్లు వేయి. ఇప్పుడు కనిపించే అంకె దారిలో పోయిన వోల్టేజి. 0.2, 0.3 వరకు పర్వాలేదు. అర వోల్టు దాటితే పట్టించుకోవాలి. నీ బండిలో ఒకటిన్నర, రెండు కనిపించినా నాకు ఆశ్చర్యం లేదు. అప్పుడు నల్ల ప్రోబ్‌ని ఒక మెట్టు వెనక్కి, స్విచ్‌లోకి వచ్చే లావు వైరు మీదికి జరుపు. అంకె ఒక్కసారి పడిపోతే దొంగ స్విచ్ దగ్గరే ఉన్నాడు. పడకపోతే ఇంకా వెనక్కి, ఫ్యూజు దగ్గరికి వెళ్లు. ప్రోబ్‌ని కప్లర్ ముందువైపు రంధ్రంలోకి గుచ్చొద్దు, పిన్ను వెడల్పై కొత్త లూజ్ కాంటాక్ట్ పుడుతుంది. వైరు వెళ్లే వెనకవైపు నుంచి గుండుసూది దూర్చి, దాని మీద పెట్టాలి. సూది పక్క వైరుకి గానీ బాడీకి గానీ తగలకూడదు.

మన వైపు నవంబరు వానల గురించి కూడా చెప్పాలి. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్లు నిలిచినప్పుడు తడిసిన బండ్లు రెండేళ్ల తర్వాత కూడా నా దగ్గరికి వచ్చాయి. కప్లర్ విప్పితే లోపల పచ్చటి చిలుము. నీ బండి ఎప్పుడైనా నీళ్లలో నిలిచి ఉంటే ఫ్యూజు పెట్టె కింది వైపు కూడా చూడు. గరుకు కాగితంతో పిన్నులు గీకొద్దు, పైపూత పోయి ఇంకా తొందరగా చిలుము పడుతుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరనిచ్చి పెట్టాలి. మాడిన పిన్నైతే శుభ్రం చేసి లాభం లేదు, కోసి కొత్త పిన్ను వేయాల్సిందే.

తాళాల గుత్తి ఎంత బరువుందో చూసుకో. ఇంటి తాళాలు, షాపు తాళాలు, వెంకన్న ఇత్తడి బిళ్ల అన్నీ ఒకే రింగుకి వేలాడే బండ్లు తిరుపతిలో చాలా చూస్తాను. గతుకుల్లో ఆ బరువు ఊగి తాళాన్ని లాగుతూనే ఉంటుంది. దీన్ని చిన్న విషయం అనుకోవద్దు. అమెరికాలో జనరల్ మోటార్స్ 2014లో దాదాపు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచింది సరిగ్గా ఇందుకే. కుదుపుకో, గుత్తి బరువుకో స్విచ్ ఆన్ నుంచి జారి ఇంజన్ ఆగిపోయేది, ఎయిర్‌బ్యాగులకూ కరెంటు అందేది కాదు. ఆ కంపెనీ పెట్టిన పరిహార నిధే 124 మరణాలకు పరిహారం ఒప్పుకుంది. స్వామి బిళ్లని డ్యాష్‌బోర్డు మీద పెట్టుకో, తాళంచెవి ఒంటరిగా ఉండనీ.

స్విచ్ మార్చాక ఒక పని తప్పకుండా చేయించు. సెల్ఫ్ కొట్టే వైరు తాళం నుంచి నేరుగా సెల్ఫ్ మోటార్ మీది సొలినాయిడ్‌కి (ఇది డీజిల్ పంపు సొలినాయిడ్ కాదు) వెళ్తుంటే మధ్యలో ఒక రిలే పెట్టించు, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్. సొలినాయిడ్ లాగే క్షణంలో పెద్ద కరెంటు తీసుకుంటుంది, అదంతా తాళం స్విచ్ మీదే పడి కాంటాక్ట్‌ని కాలుస్తుంది. రిలే ఉంటే స్విచ్ మీద పడే భారం పావు ఆంపియర్ కూడా ఉండదు. రిలే కాళ్ల దగ్గర నంబర్లు ఉంటాయి: 86కి తాళం నుంచి వచ్చే వైరు, 85కి ఎర్త్, 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజుతో లావు వైరు, 87 నుంచి సొలినాయిడ్‌కి. పాటలకీ, అదనపు లైట్లకీ కూడా బ్యాటరీ నుంచి వేరే ఫ్యూజు, వేరే రిలే. ఇగ్నిషన్ వైరుకి ముడి వేయనివ్వొద్దు.

కింద బైకు గురించి అడిగిన వాళ్లకి: మీ పాత బైకు ఏసీ సీడీఐ రకమైతే, అంటే స్పార్కుకి కరెంటు బ్యాటరీ నుంచి కాకుండా ఇంజన్ కాయిల్ నుంచే వచ్చే రకమైతే, లెక్క తిరగబడుతుంది. దాంట్లో తాళం ఆఫ్ చేస్తే కిల్ వైరు ఎర్త్‌కి తగిలి స్పార్కు ఆగుతుంది. స్పార్కు రాకపోతే ఆ ఒక్క వైరు విప్పి కిక్ కొట్టి చూడండి. స్పార్కు వస్తే తప్పు తాళం వైపు ఉంది. అయితే ఆ వైరు విప్పి ఉన్నంతసేపు తాళంతో ఇంజన్ ఆగదు, గుర్తుంచుకోండి.

తమ్ముడూ, రేపు రెండు అంకెలు ఇక్కడ రాయి. బ్యాటరీ ప్లస్ నుంచి ఇగ్నిషన్ వైరుకి ఎంత, లావు వైరుకి ఎంత. కప్లర్ విప్పినప్పుడు పిన్నులు ఏ రంగులో ఉన్నాయో కూడా రాయి. అవి చూస్తే ఏ ముక్క మార్చాలో చెబుతాను. వైరింగ్ వాళ్లకి అంతదాకా అడ్వాన్సు ఇవ్వకు.