ప్రయోగశాలలో ‘బలి’, ‘ప్రత్యామ్నాయం’

సందేహం: రక్షణ పరిశోధనల కోసం జంతువులపై చేసే ప్రయోగాల గురించిన ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. మా చదువులో ప్రయోగ జంతువును చంపడానికి ‘శాక్రిఫైస్’ అన్న మాట నిత్యం వినబడుతుంది కనుక ‘ప్రయోగం ముగిశాక ఎలుకలను బలి ఇచ్చారు’ అని రాశాను. అది చదివిన స్నేహితురాలు ‘ఏ దేవతకు?’ అని అడిగింది. ఆ పదప్రయోగం తప్పా? ప్రయోగాలలో జంతువుల బాధను తగ్గించే విధానాలన్నిటినీ ‘ప్రత్యామ్నాయ పద్ధతులు’ అనవచ్చునా?
– పశువైద్య విద్యార్థిని, తిరుపతి

సమాధానం: మీ స్నేహితురాలు సరిగానే అడిగారు. ‘బలి ఇచ్చు’ అన్నప్పుడు ఇచ్చేవారు, ఇచ్చే వస్తువుతో పాటు పుచ్చుకొనే దైవం కూడా ఉండాలి; అందుకే ‘గంగమ్మకు బలి ఇచ్చారు’ అని ‘కు’ ప్రత్యయం చేర్చి చెబుతాం. నిజానికి సంస్కృతంలో బలి అంటే చంపడమని కాదు, అర్పణ అని, కప్పం అని అర్థం. గృహస్థు చేసే భూతబలిలో ప్రాణులకు పెట్టేది అన్నం. తిరుమల ఆలయంలో ధ్వజస్తంభం దగ్గరి బలిపీఠం మీద ఉంచేదీ అన్నమే. ప్రయోగశాలలో అర్పణ లేదు, అందుకొనేవారూ లేరు. పైగా రక్షణ రంగం గురించి రాసేటప్పుడు ఈ మాట మరింత ప్రమాదకరం. ‘దేశం కోసం ప్రాణాలను బలి ఇచ్చిన వీరులు’ అన్న వాడుక మన చెవులలో ఉంది కాబట్టి, ఎలుక కూడా తెలిసి, ఒప్పుకొని ప్రాణమిచ్చిందన్న భావం చదువరికి కలుగుతుంది. అది అసత్యం.

‘చంపారు’ అనే రాయండి. శాస్త్ర రచనలో ఆ మాట మోటు కాదు. ‘వధించారు’ అంటే కబేళా, లేదా రాక్షస సంహారం గుర్తుకు వస్తుంది. ‘కారుణ్య మరణం’ నయంకాని రోగంతో బాధపడే పశువుకు తగిన మాట. కణజాలం పరీక్షించడానికి ఆరోగ్యంగా ఉన్న కుందేలును చంపినప్పుడు ఆ మాట వాడితే, ఎవరి ప్రయోజనం కోసం చంపారన్నది మరుగున పడుతుంది. నొప్పి తెలియకుండా చంపి ఉంటే ‘మత్తు ఇచ్చి చంపారు’ అనండి, నిజం పూర్తిగా చెప్పినట్టవుతుంది.

ఇక ‘ప్రత్యామ్నాయం’. ఇది ధర్మశాస్త్రాల నుంచి వచ్చిన మాట. గోదానం చేయలేనివారు దానికి బదులుగా కొంత ద్రవ్యం ఇస్తే దానిని ‘గోదాన ప్రత్యామ్నాయం’ అంటారు. అక్కడ ఆవు ఉండదు, దాని స్థానంలో మరొకటి నిలుస్తుంది. ఈ మాటకు ప్రాణం ‘బదులు నిలవడం’లోనే ఉంది. 1959లో రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రజ్ఞులు జంతువులపై ప్రయోగాలకు మూడు సూత్రాలు చెప్పారు: జంతువుకు బదులు మరొకటి వాడడం, జంతువుల సంఖ్య తగ్గించడం, వాటి బాధ తగ్గించడం. తెలుగు వ్యాసాలు ఈ మూడింటినీ ‘ప్రత్యామ్నాయాలు’ అని ఒకే గాటన కట్టడం నాకు సమ్మతం కాదు. ఇరవై ఎలుకలకు బదులు పది వాడడం తగ్గింపు మాత్రమే. మిగిలిన పదీ బోనులోనే ఉన్నాయి.

రక్షణ రంగంలో ఈ తేడా ఎంత ముఖ్యమో చూడండి. నరాల మీద పనిచేసే విషాలను మనుషులకు ఇచ్చి విరుగుడును పరీక్షించడం నీతి కాదు. అందుకే 2002లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, అటువంటి మందుల సామర్థ్యాన్ని జంతువులలో వచ్చిన ఫలితాలను బట్టి అంగీకరించవచ్చునని నిబంధన చేసింది. సోమన్ అనే విషం నుంచి సైనికులను కాపాడడానికి ముందుగా ఇచ్చే పిరిడోస్టిగ్మిన్ అనే మందుకు 2003లో ఆ దారినే అనుమతి లభించింది. ఇక్కడ ప్రత్యామ్నాయం దొరకడం కష్టం. శిక్షణ సంగతి వేరు. విషప్రభావం ఎలా ఉంటుందో సైనిక వైద్య సిబ్బందికి చూపడానికి అమెరికా సైన్యం వెర్వెట్ కోతులకు అటువంటి లక్షణాలు కలిగించే ఫైసోస్టిగ్మిన్ అనే మందు ఎక్కించేది. 2011లో ఆ పని మానుకొంది. మనిషిలా స్పందించే శిక్షణ బొమ్మలు ఆ కోతుల స్థానంలో నిలవగలిగాయి కనుక వాటిని ప్రత్యామ్నాయమనడం అక్షరాలా సరైనది. మానవ కణాలను పెంచి అవయవం పనితీరును అనుకరించే చిప్‌లకూ ఈ మాట తగుతుంది. మన దేశంలో 2023లో సవరించిన కొత్త ఔషధాల నిబంధనలు అటువంటి పద్ధతులకు చోటిచ్చాయి. జంతువులపై ప్రయోగాలను వీలైనంత వరకు తప్పించాలని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 17వ సెక్షన్ ఎప్పుడో చెప్పింది. తప్పించడం, తగ్గించడం ఒకటి కావని తెలుగులో స్పష్టంగా కనబడకపోతే ఆ చట్టం ఆశయమే పాఠకుడికి అందదు.

మీరు అడగకపోయినా మరొక మాట. ‘ఎలుకలు చనిపోయాయి’, ‘ఎలుకలను చంపారు’ అన్నవి ఒకదానికొకటి మార్చి రాయదగినవి కావు. విషం వల్ల మరణించినవి మొదటి వాక్యంలోకి, ప్రాణాలతో మిగిలి, ఆ తరువాత పరిశోధకుల చేతిలో పోయినవి రెండవ వాక్యంలోకి రావాలి. మూలవ్యాసంలో ఈ రెండు సంఖ్యలూ విడివిడిగా ఉంటే, మీ అనువాదంలోనూ విడివిడిగానే ఉంచండి.