1916 ఐరిష్ కంచు పతకం అసలుదేనా? తోమి మెరుగు పెట్టొచ్చా?

డబ్లిన్‌లో పాత సామాన్ల అంగట్లో కొన్న ఈస్టర్ తిరుగుబాటు (బ్రిటిష్ పాలన మీద ఐరిష్ వాళ్లు చేసింది) పతకం 1916లో చేసిందేనా, చింతపండుతో తోమొచ్చా అని అడిగారు. రెండింటికీ జవాబు కాదనే.

తిరుగుబాటు 1916 ఏప్రిల్ 24న మొదలై 29న లొంగుబాటుతో ముగిసింది. పతకాన్ని ఐర్లాండ్ ప్రభుత్వం పాతికేళ్ల తర్వాత, 1941లో, ఆ వారం పోరాడినట్టు గుర్తించినవాళ్లకు ఇచ్చింది. ముందువైపు నక్షత్రం మధ్యలో ప్రాణం విడుస్తున్న ఐరిష్ పురాణవీరుడు కూహులన్ ఉంటాడు. డబ్లిన్ జనరల్ పోస్టాఫీసులో ఉన్న ఆలివర్ షెపర్డ్ శిల్పమే దానికి మూలం. వెనక ఐరిష్ భాషలో ‘ఈస్టర్ వారం 1916’ అని ఉంటుంది. రిబ్బను నిలువునా సగం ఆకుపచ్చ, సగం నారింజ.

నకళ్లు బోలెడు. పది రెట్ల భూతద్దంతో చూడండి. పోతపోసిన నకలైతే నున్నగా ఉండాల్సిన చోట సూదిమొన గుంటలు, మొద్దుబారిన అక్షరాలు, అంచు వెంట ఆకురాయి గీతలు కనిపిస్తాయి. అసలుదాని నుంచి అచ్చు తీసి పోస్తే, చల్లారేటప్పుడు కంచు నూటికి ఒకటిన్నర వంతు దాకా కుంచించుకుపోతుంది. అంటే 40 మి.మీ. వస్తువు అర మిల్లీమీటరు తగ్గుతుంది. స్కేలుకు అది అందదు, వెర్నియర్ కాలిపర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) కావాలి. పోల్చడానికి నిఖార్సైన పతకం ఒకటి దగ్గరుండాలి. డైతో (ఉక్కు అచ్చుతో) కొట్టిన కొత్త నకళ్లు మాత్రం ఈ పరీక్షకు దొరకవు. రిబ్బను మీద యూవీ టార్చి వేస్తే తెల్లటి నీలంగా మెరిసిందా, అది కొత్త రిబ్బనే. అయినా పాత పతకానికి రిబ్బను మార్చడం మామూలే, దాన్నిబట్టే తీర్పు చెప్పకండి.

ఎక్కువ పతకాల మీద పేరుండదు. పేరుంటే ధర ఎగబాకుతుంది, మోసగాళ్లు పేర్లు చెక్కేదీ అందుకే. చుట్టూ ముదురు గోధుమరంగు ఉండి, గీత అడుగున మాత్రం పసుపుపచ్చగా మెరుస్తుంటే అది నిన్న మొన్న చెక్కింది. పేరుకు అసలు సాక్ష్యం కాగితం. ఐర్లాండ్ మిలిటరీ ఆర్కైవ్స్ వాళ్ల సైనిక సేవా పెన్షన్ల ఫైళ్లు ఆన్‌లైన్లో ఉచితం, ముందు అక్కడ వెతకండి. కాగితం లేని పేరుకు నేనైతే పైసా ఎక్కువివ్వను.

ఇక తోమడం. చింతపండు, నిమ్మకాయ, బ్రాసో పాలిష్, ఏదీ వద్దు. ఆ గోధుమరంగు పొర మురికి కాదు, పోయిందంటే తిరిగి రాదు, ధర సగానికి పడినా ఆశ్చర్యం లేదు. రిబ్బను తీసేసి మెత్తటి కుంచెతో దుమ్ము దులిపితే చాలు. జిడ్డుంటే దూదిపుల్లకు అసిటోన్ అద్దండి, గది కిటికీ తెరిచి, పొయ్యికి దూరంగా.

లేతాకుపచ్చ పొడి మచ్చలు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయొద్దు. లోహంలో చేరిన క్లోరైడు గాలిలో తేమతో కలిసి కంచును తినేస్తుంటుంది. పతకాన్ని సిలికా జెల్‌తో గాలి చొరని డబ్బాలో, తేమ 40 శాతం లోపు ఉండేలా ఉంచి, మ్యూజియం కన్సర్వేటర్‌కు (పాత వస్తువులు పాడవకుండా కాపాడే నిపుణుడికి) చూపించండి. పీవీసీ కవర్లలో పెట్టకండి, ఆ ప్లాస్టిక్ నుంచి వచ్చే ఆమ్లం కూడా ఆకుపచ్చటి జిగురు పట్టిస్తుంది. ఆమ్లం లేని కాగితంలో చుట్టండి.