ఈమ్ ఊరి ముచ్చట్లు: మీరడిగారు, చెబుతున్నా

పోయిన సంచికలో ఈమ్ అనే పల్లె గురించి నాలుగు ముక్కలు రాశాను. ఇంగ్లండులో డెర్బీషైర్ కొండల మధ్య, షెఫీల్డ్ నుంచి కారులో అరగంట పైచిలుకు దూరంలో ఉంటుంది, 1665లో ప్లేగు వస్తే పక్క ఊళ్ళకి పాకకుండా తమ ఊరిని తామే మూసుకున్నారు అని. అంతే, ఉత్తరాలు వచ్చిపడ్డాయి. అన్నిటికీ చోటు లేదు కాబట్టి ఆరింటికి చెబుతున్నా, మిగతావాళ్ళు తిట్టుకోకండి.

ప్రశ్న: ఊరి పేరు ఈయామా, ఐయామా? మా ఇంట్లో పందెం నడుస్తోంది. (ఒక పాఠకుడు, తెనాలి)

ఇద్దరూ ఓడిపోయారు. ఈమ్. ఇంగ్లీషులో నాలుగక్షరాలు రాస్తారు, పలికేటప్పుడు సగం మింగేస్తారు. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను బస్సు డ్రైవర్ని "ఐయామ్ వెళ్తుందా?" అని అడిగితే, "నువ్వు ఎవరైతే నాకేంటి" అన్నట్టు చూశాడు. ఊరు మాత్రం బాగా పాతది. 1086లో రాజు రాయించిన భూముల లెక్క, డూమ్స్‌డే బుక్, అందులోనే ఉంది. చర్చి ఆవరణలో నిలబడి ఉన్న రాతి శిలువ ఆ లెక్కకన్నా ముందుది.

ప్రశ్న: కోవిడ్ అప్పుడు ఈ కథ వాట్సాప్‌లో తెగ తిరిగింది. ఊరంతా ఒక్కమాట మీద చావడానికి సిద్ధపడ్డారట. నిజంగా అంత గొప్పవాళ్ళా, లేకపోతే మన స్థలపురాణాల్లాంటిదేనా? (పేరు వద్దన్నారు, హైదరాబాద్)

జరిగింది నిజమేనండీ, దాని మీద పురాణం పూత కూడా బాగానే పడింది. ముందు జరిగింది చెబుతా.

1665 ఆగస్టు చివర్లో అక్కడి దర్జీ అలెగ్జాండర్ హాడ్‌ఫీల్డ్ ఇంటికి లండన్ నుంచి బట్టల మూట వచ్చింది. తడిసి ఉంటే అతని దగ్గర పనిచేసే జార్జ్ వికార్స్ విప్పి పొయ్యి దగ్గర ఆరేశాడని, అందులో ఉన్న ఫ్లీలు, అంటే ఎలుకల ఒంటి మీద బతికే గెంతే పురుగులు, అతన్ని కుట్టాయని చెప్పుకుంటారు. సెప్టెంబరు 7న వికార్స్ పోయాడు. ఆ తర్వాత పక్కిళ్ళు, ఎదురిళ్ళు. చలికాలంలో కాస్త నెమ్మదించి, హమ్మయ్య అనుకునేలోపు 1666 వేసవిలో మళ్ళీ విరుచుకుపడింది. అప్పుడు జూన్‌లో చర్చి రెక్టర్, అంటే ఊరి పాస్టరు, విలియం మాంపెసన్ ఊరివాళ్ళని మూడు పనులకి ఒప్పించాడు. ఎవరింటి శవాన్ని వాళ్ళే దొడ్లోనో పొలంలోనో పూడ్చుకోవాలి. ప్రార్థనలు చర్చిలో కాదు, కక్‌లెట్ డెల్ఫ్ అనే లోయలో ఆరుబయట, ఏ కుటుంబానికి ఆ కుటుంబం ఎడంగా నిలబడి. మూడోది అందరికీ తెలిసిందే, పొలిమేర దాటకూడదు.

వాట్సాప్‌లో రానిది ఒకటుంది. మాంపెసన్ ఊరికి కొత్త, వచ్చి రెండేళ్ళు, జనం ఆయన్ని పెద్దగా లెక్కచేయలేదు. వాళ్ళు నమ్మింది అంతకుముందు అక్కడ పనిచేసిన థామస్ స్టాన్లీని. ప్రభుత్వం 1662లో చట్టం చేసి ప్రతి చర్చిలో ఒకే ప్రార్థనల పుస్తకం వాడాలంటే నేనొప్పుకోను అని ఉద్యోగం పోగొట్టుకున్న మొండిమనిషి. మతం విషయంలో ఈ ఇద్దరికీ పడే అవకాశమే లేదు, ఒకరి కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు మరి. అయినా ఇద్దరూ కలిసి జనం ముందు నిలబడి ఒకే మాట చెప్పారు. నన్నడిగితే ఈ కథలో అన్నిటికన్నా అరుదైన సంగతి ఇదే, మన ఊళ్ళో పాత ప్రెసిడెంటూ కొత్త ప్రెసిడెంటూ ఒకే అరుగు మీద కూర్చోవడం ఎప్పుడైనా చూశారా?

తిండి సంగతి: దగ్గర్లోని చాట్స్‌వర్త్ భవనం నుంచి డెవన్‌షైర్ ఎర్ల్, అంటే అక్కడి పెద్ద జమీందారు, సరుకులు పంపాడు. పక్క ఊరు స్టోనీ మిడిల్టన్ దారిలో ఆరు గుంటలున్న ఒక బండరాయి ఉంది. ఆ గుంటల్లో జబ్బు అంటకుండా వెనిగర్ పోసి అందులో డబ్బులు వేసేవాళ్ళు, అవతలివాళ్ళు రొట్టె, మాంసం అక్కడ పెట్టి డబ్బు తీసుకెళ్ళేవాళ్ళు. రాయి ఇప్పటికీ ఉంది, గుంటల అంచులు జనం చేతులు పెట్టీ పెట్టీ నున్నగా అరిగాయి. 1666 నవంబరు 1న చివరి మరణం. మొత్తం 260 మంది అని ఎక్కువగా చెప్పే లెక్క.

ఇక పూత. 350 మంది ఉన్న ఊళ్ళో 260 మంది పోయారని చాలాకాలం రాశారు, ఇప్పుడు జనాభా కనీసం 700 ఉండేదని అంచనా. అప్పుడు కూడా మూడో వంతు పైనే, తక్కువేం కాదు. డబ్బున్నవాళ్ళు కొందరు ముందే సర్దుకుని వెళ్ళిపోయారు. మాంపెసన్ తన ఇద్దరు పిల్లల్ని ముందే బయటికి పంపేశాడు, దానికి నేను తప్పుపట్టను. భార్య కాథరిన్ వెళ్ళనంది, ఆగస్టు 25న పోయింది. లేనివాళ్ళు ఎక్కడికి వెళ్తారు చెప్పండి, ప్లేగు ఊరి నుంచి వచ్చామంటే ఎవరు గుమ్మంలో నిలబడనిస్తారు? త్యాగం ఎంత, గతిలేకపోవడం ఎంత అని ఇప్పుడు తూచలేం. పైగా మనం వినే ముచ్చట్లు చాలావరకు తర్వాత తరాల రాతల్లోంచి వచ్చినవి. స్థానికుడు విలియం వుడ్ ఊరి చరిత్ర పుస్తకం వేసింది 1842లో, అప్పటికి ప్లేగు వెళ్ళి 176 ఏళ్ళు.

ఇంకొకటి, 2016లో వారిక్ యూనివర్సిటీ పరిశోధకులు ఆ చావుల తేదీలన్నీ లెక్కగట్టి, నాలుగింట మూడు వంతులు ఎలుకల నుంచి కాదు, మనిషి నుంచి మనిషికే అంటుకున్నాయని తేల్చారు. అంటే పొలిమేర మూసినందుకు బయటివాళ్ళు బతికి ఉండొచ్చు, లోపల ఒకే కప్పు కింద ఉన్నవాళ్ళు మాత్రం ఒకరికొకరు అంటించుకున్నారన్నమాట.

ఆ ఊళ్ళో అందరూ దేవతలే అనుకోకండి, అందరూ దొంగలే అనీ అనుకోకండి. మార్షల్ హౌ అని సీసం గనిలో పనిచేసే మనిషి, తనకి జబ్బు వచ్చి తగ్గింది కాబట్టి మళ్ళీ రాదన్న ధైర్యంతో, పూడ్చే దిక్కులేని శవాలు పూడ్చి కూలిగా చచ్చినవాళ్ళ సామాన్లు తీసుకునేవాడట. అతని భార్యా, కొడుకూ కూడా పోయారు. ఎలిజబెత్ హాంకాక్ ఎనిమిది రోజుల్లో భర్తనీ ఆరుగురు పిల్లల్నీ తన చేతులతో పూడ్చింది. ఊరి బయట పొలంలో ఆ సమాధులున్నాయి, చుట్టూ చిన్న రాతి గోడ, పక్కన గొర్రెలు. అక్కడ ఫోన్ తీయబుద్ధి కాలేదు నాకు.

ప్రశ్న: అక్కడ బావుల దగ్గర పూలతో పండగ చేస్తారని రాశారు. అది మన బతుకమ్మే కదా? ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నట్టు? (ఒక పాఠకురాలు, సిద్దిపేట)

ఎవరూ ఎవరి దగ్గరా నేర్చుకోలేదమ్మా, చుట్టరికం కలపొద్దు. పూలూ నీళ్ళూ ఉన్నంత మాత్రాన బతుకమ్మ అయిపోదు, పాట లేదు, చుట్టూ తిరగడం లేదు, చెరువులో వదలడం లేదు. కానీ చాకిరీ చూస్తే మాత్రం నీకు నచ్చుతుంది, అందుకని వివరంగా చెబుతా.

దాన్ని వెల్ డ్రెస్సింగ్ అంటారు. డెర్బీషైర్, ఆ చుట్టుపక్కల పల్లెల్లోనే ఎక్కువ. టిసింగ్టన్ అనే ఊళ్ళో, మే నెల ప్రాంతంలో వచ్చే అసెన్షన్ పండగకి చేస్తారు. ప్లేగు తమ ఊరిని వదిలేసినందుకు మొదలుపెట్టారని కొందరు, 1615 కరువులో బావులు ఎండనందుకని కొందరు చెబుతారు. ఈమ్‌లో ఆగస్టు చివర. అక్కడ 16వ శతాబ్దం చివర్లోనే ఊటనీళ్ళు పైపుల్లో తెచ్చి వీధుల్లో రాతి తొట్లు కట్టుకున్నారు కాబట్టి, నీళ్ళంటే వాళ్ళకి గర్వం.

పెద్ద చెక్క పలకలు కొన్ని రోజులు నీళ్ళలో నానబెడతారు, లేకపోతే చెక్క మట్టిలోని తడి పీల్చేసి బీటలు తీస్తుంది. బంకమట్టిలో ఉప్పు, నీళ్ళు కలిపి తొక్కుతారు, ఉప్పు తడి ఆరనివ్వదు. పిల్లలకి ఇదే పండగ, మోకాళ్ళ దాకా బురద. ఆ మట్టి పలక మీద మెత్తి, పైన బొమ్మ గీసిన కాగితం పరిచి, గీత వెంబడి సూదితో పొడుస్తారు, మన ముగ్గు చుక్కల్లాగా మట్టి మీద చుక్కలు పడతాయి. ఆ చుక్కల మీద ఎండు కాయలో కాఫీ గింజలో గుచ్చుకుంటూ పోతే గీత కనపడుతుంది. ఆ తర్వాత రంగులు: నాచు, ఆకులు, గింజలు, చివరికి పూరేకులు, ఒక్కొక్కటి, కింద నుంచి పైకి, పెంకుటింటి పెంకుల్లాగా ఒకదాని మీద ఇంకొకటి కొద్దిగా ఎక్కేలా, వాన పడితే నీళ్ళు జారిపోవాలి కదా. రాత్రీ పగలూ ఊరివాళ్ళు వంతులేసుకుని కూర్చుంటారు, మాటలూ టీలూ నడుస్తూనే ఉంటాయి. అంతా చేస్తే ఉండేది ఓ వారం. రేకులు వాడిపోతాయి, పలకలు కడిగి కొట్లో పెట్టేస్తారు. వచ్చే ఏడు మళ్ళీ మొదటి నుంచి.

ప్రశ్న: మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ పల్లెల్లో ఎవరిదో పొలం మధ్యలోంచి నడిపించాడు. నాకు ఒకటే టెన్షన్, ఎవరైనా కర్ర పట్టుకొస్తారేమోనని. ఎవరూ ఏమీ అనలేదు. ఎలాగండీ? (ఒక తల్లి, విజయవాడ)

మీ అబ్బాయి తప్పేం చేయలేదమ్మా. పొలం రైతుదే, దారి మాత్రం జనానిది. తరతరాలుగా నడిచిన కాలిబాటలు జిల్లా మ్యాపుల్లో చట్టబద్ధంగా రాసి ఉంటాయి, వాటిని మూయడానికి రైతుకి హక్కు లేదు. అందుకే గోడ దాటడానికి రాతి మెట్లు, గొర్రె దూరకుండా మనిషి మాత్రం పట్టే గేట్లు పెడతారు. మీకు నడిచే హక్కే, గుడారం వేసే హక్కూ సైకిల్ తొక్కే హక్కూ కాదు. గేటు తీస్తే మళ్ళీ వేయాలి.

ఇది ఊరికే రాలేదు. బాటలు కాకుండా పైన ఉన్న కొండల్ని జమీందార్లు వేట కోసం మూసిపెట్టుకుంటే, 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్, షెఫీల్డ్ ఫ్యాక్టరీ కుర్రాళ్ళు వందల మంది కిండర్ స్కౌట్ కొండ మీదికి కావాలని చొరబడ్డారు. ఐదుగురికి జైలు పడింది. 1949లో నేషనల్ పార్కుల చట్టం వచ్చింది, 1951లో మొదటి నేషనల్ పార్కు అదే ప్రాంతం, పీక్ డిస్ట్రిక్ట్. ఈమ్ అందులోనే ఉంది.

ప్రశ్న: అక్కడ సర్పంచ్ ఎవరు? నిధులు ఎక్కణ్ణుంచి వస్తాయి? (ఒక మాజీ వార్డు మెంబరు, కరీంనగర్)

మీ ప్రశ్న చదివి నవ్వుకున్నా, అనుభవస్తులు మరి. సర్పంచ్‌లాంటివాడు లేడు. 1894 చట్టంతో వచ్చిన పారిష్ కౌన్సిల్ ఉంటుంది, చర్చికీ దానికీ సంబంధం లేదు. మెంబర్లకి మామూలుగా జీతం ఉండదు, వాళ్ళలో ఒకర్ని చైర్‌గా ఎన్నుకుంటారు. ఇంటిపన్నుతో కలిపి కొద్దిగా వసూలవుతుంది, దాంతో బెంచీలు, పిల్లల ఆటస్థలం, కొన్నిచోట్ల శ్మశానం చూసుకుంటారు. ఈమ్‌లో ఎవరైనా ఇల్లు పెంచుకోవాలంటే కౌన్సిల్ అభిప్రాయం మాత్రమే చెప్పగలదు, అనుమతి ఇచ్చేది నేషనల్ పార్కు సంస్థ. కిటికీ చట్రం మార్చడానికి కూడా కొన్ని పాత ఇళ్ళకి పర్మిషన్ కావాలి.

అసలు పని చేసేది జీతం లేని జనం. ఊరి మ్యూజియం సంగతే చూడండి, 1994లో తెరిచారు, క్లారెన్స్ డేనియల్ అనే ఊరి మనిషి తన ఇంట్లో పోగేసుకున్న వస్తువులతో మొదలైంది, నడిపేది చాలావరకు వలంటీర్లే. ఊళ్ళో బెంగ కూడా అక్కడే ఉంది. అందమైన ఊరు కాబట్టి ఇళ్ళ ధరలు ఆకాశంలో ఉన్నాయి, కొన్ని సెలవుల అద్దె ఇళ్ళయిపోయాయి, అక్కడ పుట్టిన కుర్రాళ్ళకి కొనడం కష్టం. మరి పలక నానబెట్టేదెవరు?

ప్రశ్న: అమ్మానాన్నల్ని తీసుకెళ్దామనుకుంటున్నా, ఎప్పుడు వెళ్ళాలి? (ఒక పాఠకుడు, లీడ్స్)

ఆగస్టు చివరి ఆదివారానికి వెళ్ళు తమ్ముడూ. ఆ రోజుని ప్లేగు సండే అంటారు, జనం కలిసి నడుచుకుంటూ కక్‌లెట్ డెల్ఫ్ లోయకి వెళ్ళి, అప్పట్లో నిలబడ్డ చోటే ప్రార్థన చేసుకుంటారు. వెల్ డ్రెస్సింగ్ కూడా ఆ వారమే ఉంటుంది. కార్లు ఆపడానికి చోటు దొరకదు, పొద్దున్నే చేరాలి. నాన్నగారికి మోకాళ్ళ నొప్పి ఉంటే హాంకాక్ సమాధుల దాకా నడిపించకు, ఎక్కుడు దారి. చర్చి పక్క ఇళ్ళ ముందు ఆ ఇంట్లో పోయినవాళ్ళ పేర్లు రాసిన ఆకుపచ్చ బోర్డులుంటాయి, చదువుకోండి, కానీ కిటికీల్లోంచి లోపలికి తొంగి చూడొద్దని అమ్మకి ముందే చెప్పు. వాటిలో మనుషులు కాపురముంటున్నారు, లోపల ఎవరో అన్నం తింటూ ఉంటారు.