రెండో బ్రాంచి ఎక్కడ పెట్టాలి? ముందు ఆఖరి బస్సు ఎన్నింటికో కనుక్కోండి

ఒంటరి మహిళలకు పని చూపించడం కోసం పెట్టిన మీ మెస్ బాగా నడుస్తోంది, రెండోది మెయిన్ రోడ్డు మీద పెట్టాలా, అద్దె తక్కువున్న సందులో పెట్టాలా అని అడిగారు. రెండూ తర్వాత సంగతి. మీ దగ్గర పనిచేసేవాళ్లు రాత్రి ఇంటికెలా చేరతారో ముందు అది చూడండి.

మాదీ అలాంటిదే. మా మొదటి మెస్ విశాఖలో, గాజువాకలో. వండేదీ వడ్డించేదీ ఎనిమిది మంది ఆడవాళ్లు, అందరి ఇళ్లూ నడిచొచ్చే దూరమే. మెస్ నడిచింది మా తెలివి వల్ల అనుకున్నాం. రెండోదానికి రుషికొండ ఎంచుకున్నాం. కొండ మీద ఐటీ ఆఫీసులు, కింద బీచ్, శని ఆదివారాలు టూరిస్టులు. తెలిసినాయన ఒకరు ల్యాప్‌టాప్‌లో గిరాకీ లెక్కలేసి మరీ చూపించారు. ఈ లెక్కల్లో అంట్లు తోమేవాళ్లు ఎప్పుడూ ఉండరు, అదేంటో!

మూడో వారంలో ఒక ఆదివారం. పదయినా రెండు టేబుళ్లవాళ్లు లేవలేదు. అన్నీ కడిగి తాళం వేసేసరికి పదిన్నర దాటింది. కూరలు వండే అక్క తడి కొంగుతోనే, చేతిలో క్యారేజీతో రోడ్డు మీద నిలబడింది. "బస్సు ఎల్లిపోనాది బాబూ. పిల్ల ఒక్కర్తే ఉంది ఇంటికాడ" అంది. గాజువాక పాతిక కిలోమీటర్లు. ఆటోవాడు ఏడొందలన్నాడు, ఆవిడ రోజు కూలి నాలుగొందల యాభై. నా బండి మీదే దింపాను. పదేళ్ల పిల్ల అరుగు మీద, పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చునే నిద్రపోతోంది. మర్నాడు ఆవిడ పనికి రాలేదు. నెల తిరక్కుండా మరో ముగ్గురు మానేశారు.

అక్కడివాళ్లనే పెట్టుకోవాల్సింది అంటారు. పెట్టుకున్నాం, కుర్రాళ్లు దొరికారు. అప్పుడది మామూలు హోటలే కదా, దానికి మేమెందుకు?

దివ్యాంగులతో నడిచే మిట్టీ కేఫ్‌ని చూడండి. 2017లో హుబ్బళ్ళిలో ఒక కాలేజీలో మొదలైంది. తర్వాత ఆఫీసుల్లో, ఎయిర్‌పోర్టుల్లో పెట్టుకుంటూ వచ్చారు, 2023లో ఏకంగా సుప్రీంకోర్టు ఆవరణలో. ర్యాంపు, లిఫ్టు, గిరాకీ అన్నీ గేటు లోపలే దొరుకుతాయి. నన్నడిగితే వాళ్లు ముందు చూసుకున్నది పనిచేసేవాళ్లనే.

మేం చివరికి కేజీహెచ్ పెద్దాసుపత్రి దగ్గర ఒక సందులో కుదురుకున్నాం. జగదాంబ జంక్షన్‌కి నడిస్తే గాజువాక బస్సు దొరుకుతుంది. ఎనిమిదింటికల్లా మూసేస్తాం. అన్న క్యాంటీన్‌లో 5 రూపాయలకే భోజనం పెడుతుంటే మీ దగ్గరికెవరొస్తారని భయపెట్టారు. వస్తున్నారు. ఆపరేషన్ అయినవాళ్లకి కారం లేని పప్పు, మెత్తగా ఉడికిన అన్నం క్యారేజీ కట్టివ్వమని అడిగేవాళ్లే ఎక్కువ.

ఇంకో మాట, అడ్వాన్సు ఎప్పుడు తిరిగిస్తారో కాగితం మీద రాయించుకోండి. రుషికొండ ఓనరు సున్నానికని, కుళాయికని సగం కోసేశాడు. మిగతా సగం కోసం ఇంకా ఫోన్లు చేస్తూనే ఉన్నాను.