బడి తెరిచే వేళ: కాగితం రాలేదని బిడ్డను ఇంట్లో ఉంచవచ్చా?

వేసవి సెలవులు ముగిసి బడులు తెరిచే జూన్ 12 దగ్గర పడేసరికి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలు దాదాపుగా ఒకే దారి పడతాయి. ఫలానా కాగితం చేతికి రాలేదు, ఫలానా పని తెమల్లేదు, అంతవరకు బిడ్డను ఇంట్లోనే ఉంచుకోవచ్చా అని అడుగుతారు. ఉమ్మడి చిత్తూరు జిల్లా ప్రాథమిక పాఠశాలల్లో చాలా ఏళ్లు పనిచేసినదాన్ని కనుక, ఈ నెల ఆ ఉత్తరాలకే సమాధానం రాస్తున్నాను.

ప్రశ్న: మేము పలమనేరు నుంచి చంద్రగిరికి మారాము. మా అబ్బాయి మూడో తరగతికి వచ్చాడు. ఇక్కడి ప్రభుత్వ పాఠశాలలో చేర్చాలని ఉంది. పాత ప్రైవేటు బడివాళ్లు బాకీ ఫీజు కట్టేదాకా టీసీ ఇవ్వమంటున్నారు. పుట్టిన తేదీ ధ్రువపత్రం ఇల్లు మారే హడావిడిలో పోయింది. రెండూ దొరికాకే బడికి తీసుకువెళ్లాలా?
— ఒక తల్లి, చంద్రగిరి

జవాబు: అవసరం లేదమ్మా, బడి తెరిచిన రోజే తీసుకువెళ్లండి. 2009లో చేసి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు చేస్తున్న విద్యాహక్కు చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ బడిలోగానీ ఎయిడెడ్ బడిలోగానీ చేరబోయే పిల్లవాడికి టీసీ ఆలస్యమైందన్న కారణంతో ప్రవేశాన్ని ఆపడానికి, వాయిదా వేయడానికి వీల్లేదు. ఫీజు బాకీ మీకూ పాత బడికీ మధ్య తేలవలసిన లెక్క, దాన్ని బిడ్డ చదువుకు ముడిపెట్టకూడదు. టీసీ కోసం ఆ బడికి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, నకలు మీద అందినట్టు సంతకం తీసుకోండి. అప్పటికీ కదలకపోతే ఆ నకలుతో మండల విద్యాధికారిని కలవండి. నోటిమాటగా పదిసార్లు తిరిగినదానికంటే సంతకం ఉన్న ఆ ఒక్క కాగితమే ఎక్కువ పని చేస్తుంది.

వయసు రుజువు లేదన్న కారణంతోనూ ప్రవేశం నిరాకరించకూడదని అదే చట్టంలోని 14వ సెక్షన్ చెబుతోంది. అంగన్‌వాడీ రికార్డుగానీ, ఏఎన్ఎం రిజిస్టరులోని నమోదుగానీ, అవీ లేకుంటే తల్లిదండ్రులు రాసి ఇచ్చే ప్రకటనగానీ ప్రస్తుతానికి సరిపోతుంది. అయితే పోయిన ధ్రువపత్రాన్ని మళ్లీ తీసుకోవడం మాత్రం మానకండి, ముందుముందు దానితో చాలా పని పడుతుంది.

ఒక చిన్న విషయంలో మాత్రం మొదటి రోజు నుంచే జాగ్రత్త పడాలి. ఆధార్‌లో, బడి ప్రవేశ రిజిస్టరులో, తల్లి బ్యాంకు ఖాతాలో పేర్లు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉండటం వల్ల తల్లికి వందనం డబ్బు రాలేదని ఆఫీసుల చుట్టూ తిరిగిన తల్లులను చూశాను. ఐదేళ్లు నిండిన పిల్లలకు ఆధార్‌లో వేలిముద్రలు, కనుపాపల నమోదు కూడా చేయించాలి. అది ఇంకా కాకపోతే ఒక సెలవు రోజు చూసుకుని ముగించండి.

ప్రశ్న: మేము మామిడి కోతలకు తోటల్లోకి వెళ్తాము. తోతాపురి కాపు అయ్యేసరికి జూలై నెల సగం దాటుతుంది. ఒకటో తరగతిలో చేరవలసిన మా అమ్మాయిని కోతలు అయ్యాక బడిలో వేస్తే పోయేదేముంది?
— ఒక తండ్రి, దామలచెరువు

జవాబు: ఆలస్యంగా వచ్చారని ఏ బడీ మీ అమ్మాయిని వెనక్కు పంపకూడదు, ఆ హక్కు చట్టంలోనే ఉంది. కానీ హక్కు ఉన్నంత మాత్రాన నష్టం లేదని అనుకోకండి నాయనా. ప్రాథమిక తరగతులకు చట్టం చెప్పిన పనిదినాలు ఏడాదికి 200. ఐదు వారాలు పోతే, ఆదివారాలు తీసేసినా ముప్పై దినాలు, అంటే ఏడో వంతు చదువు పోయినట్టే. అందులోనూ ఒకటో తరగతిలో మొదటి నెల పాఠం కంటే పెద్ద విషయం. బడిలో కూర్చోవడం, పలక మీద గీతలు దిద్దడం, పక్క పిల్లల పేర్లు తెలుసుకోవడం, మరుగుదొడ్డి ఎక్కడుందో భయపడకుండా అడగడం అన్నీ అప్పుడే అలవడతాయి. జూలైలో వచ్చిన పిల్లకు పక్కన కూర్చోవడానికి జత దొరకదు, అందరూ అప్పటికే జతలు కట్టి ఉంటారు.

నేను పనిచేసిన ఒక ఊళ్లో ప్రతి ఏడూ ఇద్దరు ముగ్గురు పిల్లలు ఇలాగే వచ్చేవారు. పెదవి మూలన, చెంప మీద మామిడి సొన కాల్చిన నల్లటి మచ్చలు, వేళ్లకు వదలని జిగురు. ఒక పిల్లవాడు పలక పట్టుకుంటే చేయి వెనక్కు తీసుకునేవాడు, వేళ్లు మండుతున్నాయని చెప్పడానికి వాడికి రెండు రోజులు పట్టింది. తోటలో పిల్లలకు పని చెప్పకపోయినా రాలిన కాయ కోసం వాళ్ల చేయి ఊరుకోదు కదా.

ఊళ్లో అవ్వగానీ, పెద్దమ్మగానీ ఉంటే బిడ్డను వాళ్ల దగ్గర వదిలి వెళ్లండి. మధ్యాహ్నం బడిలోనే డొక్కా సీతమ్మ పథకం కింద భోజనం పెడతారు, ప్రాథమిక తరగతి బిడ్డకు రోజుకు 100 గ్రాముల బియ్యం లెక్క. అవ్వ మీద పడేది పొద్దుటి సంగటి, రాత్రి అన్నం మాత్రమే. అలాంటివాళ్లు ఎవరూ లేకపోతే తోటకు దగ్గరున్న ప్రభుత్వ బడి ప్రధానోపాధ్యాయులను కలిసి మాట్లాడండి.

ప్రశ్న: యూనిఫాం గుడ్డ వచ్చినా టైలరు ఇంకా కుట్టి ఇవ్వలేదు. పాప మామూలు బట్టలతో వెళ్లవచ్చా?
— ఒక తల్లి, శ్రీకాళహస్తి

జవాబు: నిక్షేపంగా వెళ్లవచ్చు. జూన్ నెలలో ఏ టైలరూ చెప్పిన తేదీకి ఇవ్వడు, ఆ సంగతి టీచర్లకూ తెలుసు.

ప్రశ్న: మా మనుమరాలు ప్రైవేటు బడిలో రెండో తరగతి. సంచి మోయలేక వంగి నడుస్తోంది. రోజూ హోంవర్కు కూడా ఇస్తున్నారు. ఇదేమని అడిగితే బడివాళ్లకు కోపం వస్తుందేమోనని మా అబ్బాయి భయం.
— ఒక తాత, పుత్తూరు

జవాబు: అడగండి, కాని ముందు తూకం వేసి అడగండి. 2020లో కేంద్రం ప్రకటించిన బడిసంచి విధానం ప్రకారం సంచి బరువు పిల్ల బరువులో పదో వంతు మించకూడదు. ఒకటి, రెండు తరగతులకు హోంవర్కే ఉండకూడదు. మీ మనుమరాలు ఇరవై కిలోలు ఉంటే సంచి రెండు కిలోలకు ఆగిపోవాలి.

ఒక సాయంత్రం సంచిని చాప మీద బోర్లించి చూడండి. అందులో సగం బడి పెట్టిన బరువు కాదని మీకే తెలుస్తుంది. లీటరు నీళ్ల సీసా ఒక్కటే కిలో దాటుతుంది, బడిలో మంచినీళ్లు ఉంటే సగం నింపినా చాలు. రెండు గిన్నెల స్టీలు క్యారియరు, నిరుడు సగం రాసి వదిలేసిన నోటు పుస్తకాలు, ఎక్కడో ఏరిన రాళ్లు కూడా బయటపడతాయి. ఇవన్నీ తీసేశాక మిగిలిన బరువును కాగితం మీద రాసుకుని టీచరును కలవండి. ఫిర్యాదులా కాకుండా, ఏ రోజు ఏ పుస్తకం తేవాలో చెప్పమని అడిగితే చాలామంది టీచర్లు సంతోషంగానే రాసి ఇస్తారు.

ప్రశ్న: మా బాబు గేటు దగ్గర ఏడుస్తుంటే వదిలి రాలేక, ప్రహరీ పక్కన గంటసేపు నిలబడుతున్నాను. పొరపాటా?
— ఒక తల్లి, తిరుపతి

జవాబు: ప్రేమతో చేసే పొరపాటే. కిటికీలోంచి మీ చీర కొంగు కనబడినంతసేపూ వాడి ఏడుపు ఆగదు. చెప్పకుండా జారుకోవద్దు, మరునాడు మీ చేయి ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. గడియారం తెలియని బిడ్డకు నాలుగు గంటలకు వస్తానంటే అర్థం కాదు కనుక, "అన్నం తిని, ఒకసారి ఆడుకుని, పెద్ద గంట కొట్టగానే గేటు దగ్గర ఉంటాను" అని చెప్పి వెళ్లిపోండి. ఆ గంటకు ఐదు నిమిషాల ముందే వచ్చి నిలబడండి.